ఫ్రేమ్ మీద పేరుంటే చాలదు, బిల్లు మీదా ఉండాలి

దంతాలపల్లి నుంచి కండ్లద్దాలకని బయలుదేరినవాళ్లు తొర్రూరులోనో సూర్యాపేటలోనో దిగుతారు. డిజైనర్ ఫ్రేమే కావాలనుకుంటే వరంగల్ దాకా పోతారు. "కంపెనీ మాల్ అన్నా, ఐదేండ్ల దాకా రంది లేదు" అంటూ షాపతను ట్రే ముందు పెడతాడు. బేరం నాలుగు వేలకు తెగుతుంది. చేతికిచ్చే చీటీ మీద మాత్రం 'ఫ్రేమ్ + గ్లాస్' అని ఒక్క ముక్కే ఉంటుంది. రెండు నెలలకే రంగు లేచిపోతే, ఆ చీటీతో ఏ కంపెనీ పేరు చెప్పి అడుగుతారు?

అందుకే డబ్బు కట్టకముందే, చెవికి తగిలించే కాడ లోపలివైపు చూడండి. 52-18-140 లాంటి అంకెలుంటాయి. అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, ముక్కు మీది ఎడం 18, కాడ పొడవు 140 అని వాటి అర్థం. బ్రాండెడ్ ఫ్రేమైతే మోడల్ నంబరు, రంగు కోడు కూడా అక్కడే కనిపిస్తాయి. బ్రాండ్ పేరు, మోడల్ నంబరు, ఫ్రేమ్ ధర, అద్దాల ధర, వారంటీ దేనికి ఎన్ని నెలలు అన్నవి బిల్లులో విడివిడిగా రాయించుకోండి. అసలు సరుకు అమ్మేవాళ్లకు ఇది రాయడం కష్టమేం కాదు. నసిగారంటే అక్కడే అనుమానించండి.

ప్రాడా, అర్మానీ పేర్లతో వచ్చే కళ్లజోళ్లను కూడా ఆ సంస్థల నుంచి లైసెన్స్ తీసుకుని లక్సోటికా అనే ఇటలీ కంపెనీ తయారుచేస్తుంది. అందుకే నన్నడిగితే పేరుకన్నా ముందు కాడ మడిచే కీలు, స్క్రూ బిగువు చూడమంటాను. దొంగ పేరు వేసి అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంటాయి. 'ఫస్ట్ కాపీ' అని తెలిసే కొన్నవాళ్లు మాత్రం నకిలీ ఇచ్చారని మొత్తుకుంటే లాభం లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులోని గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడమూ అంతే. 'అమ్మిన సరుకు వాపసు లేదు' అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన ఈ హక్కు పోదు. అయితే ఇంటికొచ్చాక ముఖానికి నప్పలేదనిపిస్తే అది లోపం కిందికి రాదు. డాక్టర్ రాసిన సైట్ ఒకటి, బిగించిన అద్దాలు ఇంకొకటి అయితే తప్పు షాపుదే. వేరేచోట అద్దాల పవర్ చూపించి, చీటీ మీద రాయించుకోండి. డాక్టర్ చీటీ అసలు కాపీని షాపులో వదిలి రాకండి.

షాపు దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, మీరుండే ప్రాంతం ఏ కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

ఈలోగా విరిగిన కాడను ఫెవిక్విక్‌తో అతికించుకోకండి. లోపం పరీక్షిస్తేగానీ తేలదనుకుంటే కమిషన్ ఆ ఫ్రేమ్‌ను ల్యాబ్‌కు పంపిస్తుంది.