మనం తినేదే దేవుడికి: ఇల్లందకుంట రాముడి నుంచి బతుకమ్మ సద్దుల దాకా

పెత్రమాస దగ్గర పడుతోంది కాబట్టి మొన్నటి వీడియోలో నైవేద్యాల గురించి చెప్పాను. అందులో "మనం ఏది తింటామో అదే దేవుడికి పెట్టాలి" అన్నాను. ఆ మాట నా సొంతది కాదు, రామాయణంలోది. వీడియోలో దాని వెనక కథ చెప్పడానికి టైం దొరకలేదు. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

జమ్మికుంట వాళ్లకు ఇల్లందకుంట గురించి నేను చెప్పక్కర్లేదు. శ్రీరామనవమి వచ్చిందంటే ఇండ్లకు తాళాలేసి మరీ కల్యాణానికి పోతాం. బయటి ఊర్ల వాళ్ల కోసం చెప్తున్నాను: అది మా పక్కనే ఉంటుంది, 2016 నుంచి సొంతంగా ఒక మండలం. అక్కడి సీతారామచంద్రస్వామి గుడిని అపర భద్రాద్రి అంటారు. (సిరిసిల్ల వైపు ఇల్లంతకుంట అని ఇంకో ఊరు ఉంది, అది వేరు. బస్సెక్కే ముందు బోర్డు సరిగ్గా చూసుకోండి.)

ఆ ఊరికి పేరు ఎట్లా వచ్చిందో పెద్దలు ఒక కథ చెప్తారు. వనవాసంలో రాముడు ఇటువైపు వచ్చినప్పుడు దశరథ మహారాజు పోయిన సంగతి తెలిసిందట. అడవిలో బియ్యం ఎక్కడివి, నువ్వులు ఎక్కడివి? చుట్టూ ఉన్న ఇల్లింద చెట్ల గింజలతోనే తండ్రికి పిండం పెట్టిండట. అందుకే ఇల్లందకుంట అయింది.

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో ఇదే ఘట్టం చిత్రకూటం దగ్గర జరుగుతుంది. భరతుడు వచ్చి తండ్రి పోయిన వార్త చెప్తాడు. రాముడు కుప్పకూలిపోతాడు. తేరుకున్నాక మందాకినికి పోయి, దక్షిణం వైపు తిరిగి నీళ్లు వదులుతాడు. ఒడ్డెక్కి దర్భలు పరిచి పిండం పెడతాడు. ఆ పిండం దేనితో చేసిందనుకున్నారు? గార పండ్ల పిండితో, రేగుపండ్లు కలిపి. అప్పుడు రాముడు తండ్రితో అనే మాటల సారం ఇది: మహారాజా, మేము ఇప్పుడు ఇదే తింటున్నాం, మీరూ ఇదే స్వీకరించండి, మనిషి ఏది తింటాడో అతని దేవతలకూ అదే ఆహారం. వాల్మీకి గార అన్నాడు, మా పెద్దలు ఇల్లింద అంటారు. ఈ రెండింటినీ కలపాలని నాకైతే అనిపించదు. ఏ అడవిలో ఉంటే ఆ అడవి కాయ.

ఆ తర్వాతి ముచ్చట చాలామంది వదిలేస్తారు. కౌసల్యమ్మ వసిష్ఠుల వారి వెంట ఆ దారినే వస్తుంది. దర్భల మీద ఉన్న ఆ పిండం చూస్తుంది. భూమినంతా ఏలిన మహారాజు, పంచభక్ష్యాలు తిన్న మనిషి, ఆయనకు చివరికి గారపిండి ముద్దా అని ఏడుస్తుంది. చూడండి, కొడుకు పెట్టింది తప్పని ఆమె అనదు. మనిషి తినేదే దేవతలు తింటారని లోకం అనే మాట నిజమేనని ఆమె కూడా అంటుంది. అంటూనే ఏడుస్తుంది. లేనప్పుడు పెట్టే నైవేద్యం చెల్లుతుంది, కానీ పెట్టేవాళ్ల కడుపులో బాధ లేకుండా పోదు. ఆ రెండూ వాల్మీకి పక్కపక్కనే పెట్టాడు. అందుకే నాకు ఆ ఘట్టం అంత ఇష్టం.

ఇప్పుడు మన పెత్రమాసకు వద్దాం. భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. విస్తరిలో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, మిరపకాయలు, ఒక ఆనపకాయో గుమ్మడికాయో పెట్టి అయ్యగారికి స్వయంపాకం ఇస్తాం. కొన్ని ఇండ్లల్లో పోయినవాళ్లకు ఇష్టమైన కూరలు వండి ఆకులో పెడతారు. మాంసం తినే ఇండ్లల్లో అదీ పెడతారు. కొందరు దీన్ని చూసి ముఖం తిప్పుకుంటారు గానీ, రాముడు చెప్పిన మాట పట్టుకుంటే నాకు అందులో తప్పేమీ కనపడదు.

తప్పు నాకు ఇంకోచోట కనపడుతుంది. కిరాణా షాపులో "ఇంట్లోకా, పూజకా" అని అడుగుతారు, విన్నారా? పూజకు అంటే వేరే బియ్యం, వేరే పోకలు, వేరే ఖర్జూరం, వేరే నెయ్యి తీస్తారు. రేటు తక్కువ, తినడానికి పనికిరానివి. ఇంట్లో సన్నబియ్యం తింటూ, పెద్దల పేరు మీద ఇచ్చేటప్పుడు మాత్రం నూకలు, పురుగు పట్టిన బియ్యం వెతుకుతాం. రాముడు పెట్టింది గారపిండే, కానీ అది ఆయన తినగా మిగిలింది కాదు, పనికిరాదని పక్కన పెట్టింది కాదు. ఆ పూట ఆయన, సీతమ్మ, లక్ష్మణుడు తినేదే. మీరు దొడ్డుబియ్యం తింటే దొడ్డుబియ్యం ఇవ్వండి, నిండుగా సరిపోతుంది. సన్నవి తింటే సన్నవే ఇవ్వండి. అప్పు చేసి ఎక్కువా వద్దు, ఉండి తక్కువా వద్దు.

అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజుల నైవేద్యాలు ఒక్కసారి మనసులో అనుకోండి. మొదటి రోజు నువ్వులు, బియ్యప్పిండి. తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యమే లేదు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లాగా చేసి నూనెలో గోలిస్తాం. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం. తొమ్మిదో రోజు సద్దులు. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది, వేములవాడలోనైతే ఏడో రోజుకే సద్దులు చేసేస్తారు. కానీ ఈ వరుసలో బజారుకు పోయి కొనాల్సింది ఎంత ఉంది? బియ్యం, పప్పు, నువ్వులు, బెల్లం, పాలు. అన్నీ మన ఇంటి డబ్బాల్లో ఉండేవే.

దీనికి ఒక కారణం మా వైపు వాళ్లకు బాగా తెలుసు. బతుకమ్మ వచ్చేసరికి పత్తి ఇంకా చేన్లో ఉంటుంది. జమ్మికుంట మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు జోరుగా వచ్చేది దసరా దాటినాకనే. అంటే పండుగ ముందు, పైసలు తర్వాత.

నిరుడు మా వాడకట్టులో ఒక చెల్లె సద్దుల ముందురోజు నాతో అన్నది: "అక్కా, ఈసారి నేను ఆటకు రాను. వానలకు పత్తి సగం పోయింది, కౌలు పైసలు ఇంకా కట్టలేదు. అందరు ఐదు తీర్ల సద్దులు తెస్తరు. నేను వట్టి చేతుల ఎట్ల రావాలె?"

నేను ఆమెకు రామాయణం చెప్పలేదు, కుచేలుడి కథ గుర్తు చేశాను. భాగవతంలో ఉన్నదే. కుచేలుడి ఇంట్లో అటుకులు కూడా లేవు. భార్య ఇరుగుపొరుగును అడిగి తెచ్చి పాతగుడ్డలో మూట కట్టింది. ద్వారకలో ఆ వైభవం చూసి ఆయన సిగ్గుతో ఆ మూట బయటికి తియ్యలేదు. సిగ్గు కుచేలుడిదే, కృష్ణుడికి ఏ సిగ్గూ లేదు, తనే గుంజుకొని తిన్నాడు.

"అది కృష్ణుడు అక్కా, మన వాడకట్టోళ్లు కృష్ణులా?" అన్నది. నిజమే కదా! నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మాట మార్చి, "నీ ఇంట్ల ఏమున్నయో చెప్పు" అన్నాను. కిలో బియ్యం ఉన్నాయి. గట్టు మీద వేసిన నువ్వులు రెండు గిద్దెలు ఉన్నాయి. చింతపండు ఉంది. పెరుగు ఉంది. నిమ్మకాయ మా చెట్టుది ఇచ్చాను. కొబ్బరికాయ ఎట్లాగూ దేవుడి ముందు కొట్టేదే. ఐదు సద్దులు అక్కడే అయిపోయినయి. సాయంత్రం వచ్చింది, ఆడింది. ఆమె నువ్వుల సద్ది కోసం ముగ్గురు మళ్లీ చెయ్యి చాపారు.

కిలో బియ్యంతో ఐదు తీర్లు ఎట్లా అని అడిగేవాళ్ల కోసం చెప్తున్నాను. అన్నం ఒక్కసారే పొడిపొడిగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి ఐదు భాగాలు చేసుకోండి. పెరుగులో కలిపే భాగాన్ని మాత్రం వేడిగా ఉన్నప్పుడే చేత్తో మెత్తగా మెదపాలి, చల్లారినాక పెరుగు పోయాలి. పోపు కూడా ఒక్కసారే పెద్దగా పెట్టుకోండి: ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, పల్లీలు, ఎండుమిరపకాయలు, కల్యామాకు. అందులో కొంచెం తీసి పెరుగు సద్దిలో, కొబ్బరి సద్దిలో వేసి, మిగిలినదాంట్లో పసుపు వేసి చింతపండుకూ, నిమ్మకాయకూ వాడుకోండి. చింతపండు చిన్న నిమ్మకాయంత చాలు, గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి. నిమ్మరసం పొయ్యి దించినాకే పిండండి, లేకపోతే చేదొస్తుంది. నువ్వుల సద్దికి గుప్పెడు నువ్వులు చిటపటలాడేదాకా సన్నసెగ మీద వేయించి, నాలుగు ఎండుమిరపకాయలు, ఉప్పుతో బరకగా దంచుకోండి. మిక్సీ ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. కొబ్బరికి అర చిప్ప తురుము సరిపోతుంది.

మలీద కూడా కావాలంటే గోధుమ రొట్టెలో జొన్న రొట్టెలో రెండు కాల్చి, వేడివేడిగా ఉన్నప్పుడే నలిపి, బెల్లం తురుము కలిపి ముద్దలు చుట్టండి. రొట్టె చల్లారితే బెల్లం పట్టదు. నెయ్యి ఉంటే ఒక చెంచా, లేకపోతే లేదు.

నైవేద్యం కాబట్టి రుచి చూడం. ఉప్పు ఎట్లా అంటే, మా అత్తమ్మ పద్ధతి: అనుకున్నదానికంటే చిటికెడు తక్కువే వేస్తుంది. తక్కువైతే వాయినాలయినాక కలుపుకోవచ్చు, ఎక్కువైతే ఏం చెయ్యలేం.

ఇవన్నీ ఆ రాత్రికే అయిపోవాలి, ముఖ్యంగా పెరుగుది, కొబ్బరిది. చింతపండు సద్ది ఒక్కటే తెల్లారితే ఇంకా రుచి. మా ఇంట్లో మరునాడు పొద్దున పిల్లలు లేపకుండానే లేచేది దానికోసమే.