బాయిల దిగే అల్లుడికి

కరీంనగర్

అల్లుడా,

మందమర్రి నుంచి నువ్వు పంపిన రక్తపరీక్ష కాయితం ఫోన్ల చూసిన. పరగడుపున 168, మూడు నెలల సగటు 8.4 శాతం. పరగడుపున 126 గాని, సగటు 6.5 గాని ముట్టినా దాటినా షుగర్ అనే లెక్క. కాబట్టి ‘కొంచెం ఉన్నట్టున్నది’ అనుకోకు, ఉన్నది. కాని కాయితం కన్నా దాని కింద నువ్వు రాసిన మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది: ఇంట్ల చెప్పొద్దు, బొగ్గు బాయి మీద తెలిస్తే అన్‌ఫిట్ అంటరు అని.

ఈ భయం నీ ఒక్కడిది కాదు. 2023ల ఐసీఎంఆర్ వాళ్లు అచ్చేసిన లెక్క ప్రకారం మన దేశంల 10 కోట్ల మందికి షుగర్ ఉన్నది, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నరు. గోళీలు వేసుకుంట, మంచిగ డ్యూటీ చేసేటోళ్లు మీ సింగరేణిల కొల్లలు. మనిషిని అన్‌ఫిట్ చేసేది దాచిపెట్టిన షుగర్. ఏండ్ల తరబడి పట్టించుకోకుంటే అది కండ్లను, కిడ్నీలను, కాళ్లను తింటది.

నువ్వు ముందు చూసుకోవాల్సింది నీ మందుల చీటి. అందుల మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోవుడు చాల అరుదు. మొదటి వారాలల్ల కడుపుల తిప్పుతది, విరేచనాలు అయితయి. అన్నంతోటి వేసుకుంటే చాల మందికి సర్దుకుంటది. సర్దుకోకుంటే డాక్టర్‌ను అడుగు, నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. అదే గోళీల గ్లిమెపిరైడ్ కూడ కలిసి ఉంటే మాత్రం కథ వేరు. అది వేసుకొని తినకుంటే షుగర్ 70 కిందికి దిగొచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, తర్వాత తికమక, ఆఖరికి స్పృహ తప్పుడు. బాయి లోపల ఉక్కకు అందరికీ చెమటలే. నీ చెమట ఉక్కదో షుగర్ పడిపోయిందో పక్కోడికి ఎట్ల తెలుస్తది, నువ్వు చెప్పకుంటే? నువ్వు హాలేజ్ నడిపేటోడివి. నీ చెయ్యి ఒక్క నిమిషం తడబడితే తాడు కొసకున్న టబ్బుల దగ్గర మనుషులు ఉంటరు. అందుకే కంపెనీ డాక్టర్‌కు, మీ ఓవర్‌మ్యాన్‌కు, నీతోటి దిగే జోడీకి చెప్పాల్సిందే. కొన్ని రోజులు పైన పని ఇస్తమంటే చెయ్యి, నామోషీ పడకు.

జేబుల గ్లూకోజ్ పొడి ప్యాకెట్ ఎప్పుడూ ఉండాలె. తేడా అనిపించంగనే మూడు చెంచాల గ్లూకోజ్ గాని చక్కెర గాని నీళ్లల్ల కలుపుకొని తాగి పని ఆపి కూసో. 15 నిమిషాలకు తగ్గకుంటే మళ్లీ అంతే తాగు. తగ్గినంక ఏదన్న తిను. బిస్కెట్లతోటి మొదలువెట్టకు, అవి ఆలస్యంగ ఎక్కుతయి. షిఫ్టు మారినప్పుడల్ల తినే వేళ మారుతది కదా, అప్పుడు గోళీ ఎప్పుడు వేసుకోవాల్నో మూడు షిఫ్టులకూ విడివిడిగ డాక్టర్ తోటి రాయించుకో. నైట్ షిఫ్టుల పడేటోళ్లకు ఇది చాల ముఖ్యం, చాలమంది అడగరు.

తిండి సంగతి. జొన్నరొట్టె తింటే షుగర్ రాదని మన దిక్కు గట్టి నమ్మకం. బియ్యం కన్నా జొన్న మేలే, కాని అదీ పిండే. ఐదారు రొట్టెలు తింటే లాభం ఉండది. రెండు రొట్టెలు, వాటికి రెట్టింపు కూర పెట్టుకో: తోటకూర, గంగవాయిలి కూర, బీరకాయ, పప్పు, గుడ్డు. గట్కకూ ఇదే లెక్క. అన్నం తినే పూట ముందు కూర పెట్టుకొని, పళ్లెంల పావు భాగమే అన్నానికి ఇయ్యి. చక్కెర బదులు బెల్లం వేసుకుంటున్న అని సంబరపడకు, రక్తంల రెండూ ఒక్కటే. డ్యూటీల తాగే చాయ్‌లన్నిట్ల చక్కెర లెక్కవెట్టు, అక్కడే సగం గుట్టు బయటపడతది. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముట్టొద్దని నేను చెప్ప. ఒక్క చిన్న ముద్ద తిని, ఆ పూట అన్నం తగ్గించు. కల్లు, మందు మాత్రం గ్లిమెపిరైడ్ గోళీ మీద ఉత్త కడుపుతోటి వద్దు, రాత్రి నిద్రలనే షుగర్ పడిపోవచ్చు. బీడీ మానెయ్యి. షుగర్, పొగాకు కలిస్తే గుండెకు, కాళ్ల నరాలకు ఇంకా ఎక్కువ చేటు.

కూసొని చేసే పని కాబట్టి రోజూ అర్ధగంట గట్టిగ నడువు.

కాళ్ల మీద నాకు చాల బెంగ ఉన్నది. బాయి బూట్లల్ల నీళ్లు, తడి మేజోళ్లు, ఎనిమిది గంటలు. పైకి రాంగనే కాళ్లు కడుక్కొని, వేళ్ల సందులు తుడుచుకొని, అద్దం పెట్టి అరికాళ్లు చూసుకో. పుండు నొప్పి లేకుంటేనే ఎక్కువ భయపడాలె, తిమ్మిరెక్కిన కాలికి నొప్పి తెల్వది. ఆనెకాయలను బ్లేడుతోటి కోసుకోకు. మన ఆదిలాబాద్ చలి నీకు ఎరుకే, చలిమంట దగ్గర కాళ్లు చాపకు.

ఈ నెలల్నే కండ్లల్ల చుక్కల మందు వేయించుకొని వెనక పొర చూపించుకో. చూపు మంచిగనే ఉన్నది కదా అని ఆగకు, షుగర్ దెబ్బ మొదట్ల చూపుకు తెల్వది. పాత ఆదిలాబాద్ జిల్లాల ముథోల్‌ల ఎల్వీ ప్రసాద్ వాళ్ల కంటి దవాఖాన 1996 నుంచి ఉన్నది, దూరమైతే మంచిర్యాలల చూపించుకో. చుక్కలు వేసినంక కొన్ని గంటలు బండి నడపకు. మూత్రంల ఆల్బుమిన్ పరీక్ష, బీపీ కూడ ఇప్పుడే చేయించు. మూడు నెలలకు మళ్లీ సగటు పరీక్ష. 7 లోపల చాలమందికి గురి. నీకెంతో డాక్టర్‌ను అడుగు.

చెట్ల మందుతోటి షుగర్ వేర్లతోటి సహా పోతదని చెప్పేటోళ్లు వస్తరు. వాళ్ల మాట విని గోళీ ఆపకు.

షుగర్ ఇండ్లల్ల పారుతది. మా అక్కకు, అంటే మీ అమ్మకు, మీ తమ్మునికి సర్కారు దవాఖానల రక్తపరీక్ష చేయించు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద పైస తీసుకోరు. మా అక్కకు నేను చెప్త. కాని నీ భార్యకు నువ్వే చెప్పాలె, ఈ రాత్రే చెప్పు. డబ్బ కట్టేది ఆమె, నిద్రల నీకు చెమటలు పడితే చక్కెరనీళ్లు కలిపేదీ ఆమెనే. రేపు దిగేముందు నీ జోడీకి చెప్పు. చెప్పినంక నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ