అవనిజనాశ్రయ పులకేశి

ఎనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలో నేటి తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు పల్లవుల తొండైమండలంలో అంతర్భాగాలుగా ఉండేవి. పల్లవులకు, బాదామి చాళుక్యులకు తరతరాల వైరం. చాళుక్య చక్రవర్తి రెండవ విక్రమాదిత్యుడు కంచిని జయించి కూడ నగరాన్ని ధ్వంసం చేయక, రాజసింహేశ్వరాలయపు ధనాన్ని దేవునికే తిరిగి సమర్పించిన వృత్తాంతం ఈ సీమవారికి సుపరిచితం. దక్షిణాన కంచిపై దృష్టి నిలిపిన ఆ చక్రవర్తికి ఉత్తరపు సరిహద్దు కాచిన వీరుని పేరు మాత్రం అంతగా వినబడదు. అతడే అవనిజనాశ్రయ పులకేశి.

క్రీ.శ. 712లో అరబ్బు సేనాని మహమ్మద్ బిన్ ఖాసిం సింధు రాజైన దాహిరుని ఓడించాడు. దాహిరుడు రణరంగంలోనే నేలకొరిగాడు. అటుపిమ్మట సింధును ఏలిన అరబ్బు అధికారులు తూర్పునకు, దక్షిణానికి దండయాత్రలు సాగించారు.

ఆ కాలంలో దక్షిణ గుజరాతులోని నవసారి చాళుక్య సామంతుల రాజధాని. హర్షవర్ధనుని నిలువరించిన రెండవ పులకేశికి మనుమడైన అవనిజనాశ్రయుడు అక్కడ పాలిస్తున్నాడు. క్రీ.శ. 739 ప్రాంతాన అతడు వేయించిన తామ్రశాసనమే ఈ కథకు ఆధారం. నిజానికది ఒక గ్రామాన్ని దానమిచ్చిన పత్రం. అందులోని యుద్ధవర్ణనలో కవిసమయాలే ఎక్కువ. అయితే శత్రువు నడచివచ్చిన దారి మాత్రం స్పష్టంగా ఉంది. తాజికులు, అనగా అరబ్బులు, సైంధవ, కచ్ఛేల్ల, సౌరాష్ట్ర, చావోటక, మౌర్య, గుర్జర రాజులను పీడించి, దక్షిణాపథాన్ని జయించగోరి మొదట నవసారి మీదికే వచ్చారు. ఆరు రాజ్యాలు ఆపలేకపోయిన సేనను ఒక సామంతుడు ఆపగలిగాడు!

సంతసించిన చక్రవర్తి అతనికి నాలుగు బిరుదులిచ్చాడు. దక్షిణాపథ సాధార, చళుక్కి కులాలంకార, పృథివీవల్లభ అనేవి మూడు. నాలుగవది 'అనివర్తక నివర్తయితృ'. వెనుదిరుగనివారిని వెనుదిరిగేటట్లు చేసినవాడని దీని అర్థం. పొగడ్తకు సంబంధించిన బిరుదే అయినా, శత్రువు సామాన్యుడు కాడన్న అంగీకారం కూడ ఇందులో ఉంది.

ఉత్తరాన ప్రతీహార మొదటి నాగభటుడు కూడ మ్లేచ్ఛసేనలను ఓడించాడని గ్వాలియరు శాసనం తెలుపుతుంది. అది అతని వంశజుడైన మిహిరభోజుని కాలంలో, నూరేండ్ల తరువాత వెలువడింది. నవసారి శాసనం సమకాలికమైనది. కనుక సాక్ష్యంగా దాని విలువ ఎక్కువ.

దంతిదుర్గుని విజృంభణతో క్రీ.శ. 753 నాటికి చాళుక్య ప్రాభవం అస్తమించి రాష్ట్రకూటులు దక్కనుకు ప్రభువులైనారు. కత్తితో రాలేకపోయిన చోటికి అరబ్బులు వర్తకులుగా వచ్చారు. 851 నాటి అరబ్బు గ్రంథమొకటి, రాష్ట్రకూట ప్రభువును 'బల్హరా' అని పేర్కొని, అరబ్బులను అమితంగా ఆదరించే రాజుగా కొనియాడింది.