పాఠం 9: టాబ్లెట్ నెమ్మదిగా ఎందుకు చార్జ్ అవుతుంది?

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చార్జరు సామర్థ్యాన్ని వాట్లలో లెక్కించగలుగుతారు;
• చార్జింగ్ నెమ్మదించడానికి కారణం కనిపెట్టగలుగుతారు;
• దానిని ప్రమాదం లేకుండా సరిచేయగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం
పగలు పని, రాత్రి చదువు. మీలో చాలామంది దినచర్య ఇదే. రాత్రంతా ప్లగ్గుకు పెట్టిన టాబ్లెట్ తెల్లవారేసరికి సగమే నిండితే ఆ రోజు పాఠం ఆగిపోతుంది. బ్యాటరీ పాడయిందని వెంటనే డబ్బు ఖర్చు చేయకండి. కొళాయి ధార సన్నగా ఉంటే బిందె నిండడం ఆలస్యమవుతుంది; తప్పు బిందెది కాదు. ముందు ధారను పరీక్షించండి.

9.2 చిన్న లెక్క
వోల్టులు × ఆంపియర్లు = వాట్లు

ఈ అంకెలు చార్జరు మీద 'అవుట్‌పుట్' అన్నచోట ఉంటాయి. 3.7 వోల్టుల, 7,000 మిల్లీ ఆంపియర్-అవర్ బ్యాటరీలో సుమారు 26 వాట్-అవర్ల శక్తి పడుతుంది. అది నిండడానికి కనీసం పట్టే కాలం చూడండి:

• 5 వోల్టులు, 0.5 ఆంపియరు (కంప్యూటరు యు.ఎస్.బి.): 2.5 వాట్లు, 10 గంటలకు పైగా
• 5 వోల్టులు, 1 ఆంపియరు (పాత ఫోను చార్జరు): 5 వాట్లు, 5 గంటలకు పైగా
• 5 వోల్టులు, 2 ఆంపియర్లు: 10 వాట్లు, రెండున్నర గంటలకు పైగా

కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. బ్యాటరీ నిండబోయేటప్పుడు టాబ్లెటే కరెంటును తగ్గించుకుంటుంది. అందువల్ల అసలు కాలం ఇంకా ఎక్కువ.

9.3 సముద్రతీరంలో జాగ్రత్త
పుదుచ్చేరి పట్టణం బంగాళాఖాతం ఒడ్డున ఉంది. ఉప్పుగాలి, తేమ కలిసి చార్జింగ్ రంధ్రంలోని లోహపు భాగాలను తినివేస్తాయి. మే నెల ఎండలో టాబ్లెట్ బాగా వేడెక్కితే, బ్యాటరీని కాపాడుకోవడానికి చార్జింగును తానే తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది.

9.4 ఇలా చేసి చూడండి
ఒక్కసారి ఒక్కటే మార్చండి. ప్రతిసారీ అరగంటలో ఎంత శాతం పెరిగిందో రాసుకోండి.

1. తీగ మార్చండి. సన్నని, నలిగిన తీగలో కరెంటు తగ్గుతుంది.
2. చార్జరు మార్చండి. కొత్తది కొంటే బి.ఐ.ఎస్. గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడండి.
3. టాబ్లెట్‌ను ఆపి, రంధ్రంలోని దుమ్మును పొడి చెక్కపుల్లతో మెల్లగా తీయండి. సూది, నీరు వాడకండి.
4. కవరు తీసి, నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. తెర ఆపండి.

హెచ్చరిక: బ్యాటరీ ఉబ్బితే వెంటనే వాడకం ఆపండి. దానిని మీరు విప్పవద్దు. మరమ్మతు చేసేవారికి చూపండి. చార్జ్ అవుతున్న టాబ్లెట్‌ను దిండు కింద పెట్టకండి.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. 5 వోల్టులు, 3 ఆంపియర్ల చార్జరు ఎన్ని వాట్లు ఇస్తుంది?
2. 10 వాట్లు మాత్రమే తీసుకోగల టాబ్లెట్‌కు 25 వాట్ల చార్జరు పెడితే త్వరగా నిండుతుందా?

జవాబులు
1. 15 వాట్లు.
2. నిండదు. టాబ్లెట్ తాను తీసుకోగలిగినంతే తీసుకుంటుంది.