బ్రాయిలర్ పిల్లలకు మొదటి మూడు దినముల మేపు

రుషికొండ తీరమునకు వచ్చు యాత్రికులకును, విశాఖ నగరవాసులకును కోడిమాంసము ఏడాది పొడవునా కావలెను. అందుచే ఆనందపురము, భీమునిపట్నము చుట్టుప్రక్కల రైతులు కొందరు బ్రాయిలర్ షెడ్లు వేసినారు. వీరు షెడ్డును గూర్చి, మందులను గూర్చి అడుగునన్ని ప్రశ్నలు పిల్లలు దిగిన మొదటి మూడు దినములను గూర్చి అడుగరు. లాభనష్టములు చాలవరకు తేలునది అప్పుడే.

బ్రాయిలర్ సుమారు ఆరు వారములలో అమ్మకమునకు వచ్చును. అనగా మొదటి వారము దాని ఆయువులో ఆరవ వంతు. పుట్టిన నాడు 40 గ్రాములుండు పిల్ల ఏడవ నాటికి నాలుగు రెట్లకు మించి తూగవలెను. ఈ వారమున వెనుకబడిన పిల్ల తోటివానిని అందుకొనుట అరుదు. మేత ఖర్చు మాత్రము వానితోపాటు వ్రాయించును.

దీనికి కారణము ప్రేగులలో ఉన్నది. మొదటి వారమున ప్రేగులు శరీరము కంటె వేగముగా పెరుగును. ప్రేగు లోపలి గోడపై మేతసారమును పీల్చుకొను నూగు వంటి సన్నని మొలకలు కలవు. మేత తగిలిన కొలది అవి పొడవగును. పస్తున్నచో వాని ఎదుగుదల మందగించును.

“కడుపులో పచ్చసొన మూడు దినములు చాలును, తొందరేల?” అని కొందరందురు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల కడుపులో కొంత సొన మిగిలియుండుట నిజమే. దాని బలముననే పిల్ల దూరప్రయాణము తట్టుకొనును. కాని ఆ సొనలో తల్లికోడి ఇచ్చిన రోగనిరోధక పదార్థములు కలవు. ఆకలి తీర్చుటకు దానిని ఖర్చు చేయించుట విత్తనపు వడ్లు దంచి తినుట వంటిది. మేసిన పిల్లలో సొన త్వరగా ఇంకునని పరిశోధనలలో తేలినది కూడ. పైగా హేచరీలో పిల్లలన్నియు ఒకే గంటలో పుట్టవు. మొదటిదానికి, చివరిదానికి ఒక దినమో, అంతకు మించియో తేడా యుండును. పెట్టె మీ షెడ్డుకు చేరునప్పటికే ముందు పుట్టినవి ఆకలితో నకనకలాడుచుండును.

కావున పిల్లలు రాకముందే బ్రూడరు వెలిగించి ఊక పరుపును వెచ్చచేయవలెను. పిల్లల ఎత్తున 32, 33 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలును. మన వేసవి పగళ్లలో బ్రూడరు అక్కరలేకపోవచ్చును. రెక్కలు జార్చి నోరు తెరచి రొప్పు పిల్ల మేయదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన పిమ్మట ఈ జిల్లాలో దినముల తరబడి కరెంటు లేదు. కరెంటు బ్రూడరు గలవారు గ్యాసో, బొగ్గులో సిద్ధముగా ఉంచుకొనుట మేలు.

ఊకపై కాగితములు పరచి మేత చల్లుడు. ఆ చప్పుడుకే పిల్లలు చేరును. బెల్లపు నీరు, మొక్కజొన్న రవ్వ పెట్టు అలవాటు మన ప్రాంతమున కలదు. కొన్ని గంటలు పెట్టిన తప్పు లేదు. దినమంతయు రవ్వతోనే గడపుట నాకు సమ్మతము కాదు. రవ్వలో మాంసకృత్తులు బహు తక్కువ. పిల్లల మేతలో అవి నూటికి 22, 23 పాళ్లు ఉండవలెను. బూజు వాసన గల మేతను నిర్దాక్షిణ్యముగా పారవేయుడు. సముద్రపు తేమకు బస్తాలు త్వరగా బూజు పట్టును గనుక చెక్కబల్లలపై, గోడకు ఎడముగా ఉంచవలెను.

తీరము దాపున బోరు నీరు ఉప్పన కావచ్చును. ఉప్పు ఎక్కువైనచో పిల్లలు నీళ్లగా రెట్టలు వేయును, ఊక తడియును, కొన్నింటికి పొట్టలో నీరు చేరును. పిల్లలను దింపుటకు ముందే నీటిని పరీక్ష చేయింపుడు. జబ్బులు కనిపించినచో పశువైద్యుని పిలువవలెను. అది వ్యవసాయాధికారి పని కాదు.

పిల్లలు మేసినవో లేదో చేతితోనే తెలియును. దింపిన మరునాడు అదే వేళకు, షెడ్డులో నాలుగు మూలల నుండి నూరు పిల్లలను పట్టి మెడ క్రింది మేతసంచి తడిమి చూడుడు. మెత్తగా, గుండ్రముగా నున్నచో మేత, నీరు రెండును అందినవి. గట్టిగా నున్నచో నీరు చాలలేదు. నూటికి 95 నిండియుండవలెను. తక్కువైనచో పిల్ల కాళ్లను మీ చెంపకు ఆనించి చూడుడు. చల్లగా తగిలినచో లోపము మేతది కాదు, వేడిది. ఏడవ నాడు మరల నూరు పిల్లలను తూచి, సగటు తూకమును షెడ్డు పుస్తకములో వ్రాసి ఉంచుడు.