30 రోజుల నెలలో ఒక రోజు ఎక్కడ పోయింది? డేట్ లెక్కల్లో డేలైట్ సేవింగ్ తిప్పలు

ఇండియాలో డేలైట్ సేవింగ్ టైమ్ లేదు కదా, ఆ గోల మనకెందుకు అనుకుంటూ కోడ్ రాసేవాళ్లు చాలామంది. మన కోడ్ మన ఊళ్లోనే ఉండిపోతే ఆ మాట నిజమే. కానీ తెనాలిలో కూర్చుని రాసిన యాప్ ప్లే స్టోర్‌లో పెట్టగానే డల్లాస్‌లో కూడా ఇన్‌స్టాల్ అవుతుంది. అక్కడ మన వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు.

బాపట్లలో బీటెక్ చదివే ఒక తమ్ముడు తన యాప్ చూడమని ఈమధ్య నాకు పంపాడు. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన తేదీ ఇస్తే, అప్పటిదాకా రోజుకొకటి చొప్పున ఎన్ని టాబ్లెట్లు కావాలో చెప్పే చిన్న యాప్. ఇక్కడ ఎన్నిసార్లు టెస్ట్ చేసినా కరెక్టే. రేపల్లె నుంచి అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిన వాళ్ల పెద్దమ్మ ఫోన్‌లో మాత్రం ఒక టాబ్లెట్ తక్కువ చూపించింది. బీపీ మాత్ర కాబట్టి ఒకటే కదా అని వదిలేసే విషయం కాదు.

కోడ్ తెరిచి చూస్తే మనందరం ఎప్పుడో ఒకప్పుడు చూసిన లైనే ఉంది. రెండు తేదీల అర్ధరాత్రుల మధ్య మిల్లీసెకన్లు తీసుకో, 8,64,00,000తో భాగించు, మ్యాథ్.ఫ్లోర్ పెట్టు. దీన్ని 2026 మార్చి 1 నుంచి మార్చి 31 వరకు డల్లాస్ టైమ్‌లో నడిపి చూడండి. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారం 3కి దూకుతుంది. 2026లో అది మార్చి 8. అంటే ఆ రోజుకి 23 గంటలే. మొత్తం 720 గంటలు రావాల్సిన చోట 719 వస్తాయి. 24తో భాగిస్తే 29.958, ఫ్లోర్ కొడితే 29. ఒక్క గంట తగ్గితే ఒక రోజు మొత్తం మాయం!

నవంబర్‌లో ఇదే తిరగబడుతుంది. మొదటి ఆదివారం, అంటే 2026లో నవంబర్ 1, 25 గంటల రోజు. ఆ రోజు అర్ధరాత్రికి 24 గంటలు కలిపి 'రేపు' అనుకుంటే మనం చేరేది అదే నవంబర్ 1 రాత్రి 11 గంటలకి. లిస్టులో ఒకే తేదీ రెండుసార్లు కనబడుతుంది.

ఫ్లోర్ తీసేసి రౌండ్ పెడితే సరిపోదా? ఈ కేసులో సరిపోతుంది. నాకైతే అది నచ్చదు, ఎందుకంటే అసలు ప్రశ్న అలాగే ఉండిపోతుంది: మీకు కావాల్సింది రోజులా, గంటలా? రోజులైతే గడియారం జోలికే వెళ్లొద్దు. కోట్లిన్‌లో రెండు లోకల్‌డేట్‌లు తీసుకుని క్రోనోయూనిట్.డేస్.బిట్వీన్ వాడండి. జావాస్క్రిప్ట్‌లో సంవత్సరం, నెల, తేదీ డేట్.యూటీసీకి ఇచ్చి తీసివేయండి. '8 గంటలకోసారి' వేసుకునే మందు అయితే అది నిజంగా గడిచిన కాలం, రెండు టైమ్‌లనీ యూటీసీలోకి మార్చాకే లెక్క. పైథాన్‌లో ఇక్కడ ఒక మెలిక ఉంది. టైమ్‌జోన్ పెట్టినా సరే, రెండు డేట్‌టైమ్‌లకీ అదే జోన్ ఆబ్జెక్ట్ ఉంటే, తీసివేత గోడ గడియారం లెక్కనే చేస్తుంది, మాయమైన గంటని పట్టించుకోదు. ఇక 'రోజూ ఉదయం 7కి' అలారం మూడో రకం. దానికి మైనస్ 6 గంటలు అని కాకుండా అమెరికా/షికాగో అని జోన్ పేరే దాచుకోవాలి. 2010లో యూరప్‌లో గడియారాలు వెనక్కి జరిపినప్పుడు ఐఫోన్లలో రోజువారీ అలారాలు గంట ఆలస్యంగా మోగాయి. యాపిల్‌కే తప్పలేదు మరి.

ఇప్పుడు అసలు మజా. మన దేశంలోనూ గడియారాలు మారాయి! రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు ఇక్కడ టైమ్ గంట ముందుకు, అంటే యూటీసీ కంటే 6:30 ముందు ఉండేది. మీ ఫోన్‌లోని టైమ్‌జోన్ డేటాబేస్‌లో ఏషియా/కోల్‌కతా కింద ఇది ఇప్పటికీ ఉంది. రేపల్లెలో ఒక తాతగారి పుట్టినరోజు 1943 జూన్ 10 అనుకోండి. యాప్ దాన్ని ఆ రోజు అర్ధరాత్రిగా యూటీసీలోకి మారిస్తే జూన్ 9, 17:30. సర్వర్‌లో ఇంకెవరో 'ఇండియా అంటే 5:30 కలపడమే' అని రాసి ఉంటే తిరిగి వచ్చేది జూన్ 9 రాత్రి 11 గంటలు. ఆధార్‌లో 10, యాప్‌లో 9. ఎనభై దాటిన మనిషి ఈ తేడా ఎవరికి చెప్పుకోవాలి? పుట్టిన తేదీకి టైమ్‌జోన్ అక్కర్లేదు, వట్టి తేదీగానే దాచండి. ఇంకో విచిత్రం, 1942 సెప్టెంబర్ 1న మన దగ్గర అర్ధరాత్రి 12 అనేదే లేదు, నేరుగా 1 గంట అయింది.

సరదాకి ఇది కూడా చేయండి. క్రోమ్ కన్సోల్‌లో 1900 జనవరి 1కి ఒక డేట్ తయారుచేస్తే జీఎంటీ ప్లస్ 0521 అని వస్తుంది. బగ్ కాదు, అది మద్రాస్ టైమ్, కచ్చితంగా 5:21:10. 1906లో ఐఎస్టీ రాకముందు రైళ్లు నడిచింది ఆ టైమ్ మీదే. నిజానికి సూర్యుడి లెక్కన తెనాలి, బాపట్ల, రేపల్లెలకి ఐఎస్టీ కంటే అదే దగ్గర.

టెస్ట్ చేయడానికి డల్లాస్ టికెట్ కొనక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్, ఆటోమేటిక్ టైమ్‌జోన్ రెండూ ఆపేసి, షికాగో ఎంచుకుని, తేదీ 2026 మార్చి 7 రాత్రి 11:55 పెట్టి యాప్ తెరవండి. తర్వాత అక్టోబర్ 31 పెట్టి చూడండి. ఓటీపీలు, బ్యాంక్ యాప్‌లు కాసేపు మొరాయిస్తాయి కాబట్టి పాత ఫోన్ అయితే మేలు. కానీ మరీ పాతది వద్దు. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో ఈ పద్ధతి ఎత్తేసింది, ఈజిప్ట్ 2023లో మళ్లీ తెచ్చింది. టైమ్‌జోన్ డేటా అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌కి ఇవేవీ తెలియవు, మీ కోడ్ కరెక్టుగా ఉన్నా తప్పు టైమే చూపిస్తుంది.