వాలు నేలలో కర్ర కంచె: అడ్డకర్రల అతుకు

వాలు నేలలోనూ కంచె గుంజలను తూకపుగుండుతో సరిచూసి నిటారుగానే పాతాలి. అడ్డకర్రలు మాత్రం నేలవాలును అనుసరిస్తాయి. కావున వాటి కొనలను ఏటవాలుగా కోయాలి. చదరంగా కోస్తే కొన ఒక అంచున మాత్రమే గుంజకు ఆనుతుంది.

పొరపాటు తరచుగా కొలతలో జరుగుతుంది. గుంజల నడుమ సమతల దూరం 2.4 మీటర్లు, ఎత్తులో తేడా 60 సెంటీమీటర్లు అయితే కర్ర పొడవు సుమారు 2.47 మీటర్లు కావాలి. గుంజలో గాడి తీస్తే ఆ లోతును కూడా కలుపుకోవాలి. తగ్గిన 7 సెంటీమీటర్లను చెక్కముక్కతో పూడ్చడం నా దృష్టిలో వృథా శ్రమ. కర్రను గుంజలకు ఆనించి, వాటి అంచు వెంబడే గీత గీయడం లెక్క కన్నా నమ్మదగినది.

పశువు ఒరుసుకున్నప్పుడు బరువును మేకు కాక గాడి మోయాలి. వాననీరు కర్ర వెంట జారి దిగువ అతుకులో చేరుతుంది కనుక అక్కడే ముందుగా చీకుతుంది. ఆ గాడి అడుగున నీరు పోయే సందు వదలాలి.